నెలలు నిండని బిడ్డ లేబర్ రూమ్‌లోనే చల్లబడిపోతోంది. వేడి ఎక్కడ పోతోంది?

రాత్రి_డ్యూటీ

అందరికీ నమస్కారం. నేను ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, స్టాఫ్ నర్సుని. లేబర్ రూమ్ నుంచీ, ఓటీ (ఆపరేషన్ థియేటర్) నుంచీ మా దగ్గరికి వచ్చే నెలలు తక్కువ పిల్లల్లో చాలామంది చేరేసరికే 36 డిగ్రీల లోపు ఉంటున్నారు. 32 వారాలు నిండనివాళ్ళయితే మరీను. ఈమధ్య వచ్చిన ఒక పాపకి చంకలో థర్మామీటర్ పెడితే 35.4 చూపించింది. పుట్టగానే ఏడ్చింది, ఊపిరి అందుకుంది, ఊపిరి కోసం గొంతులో ట్యూబ్ వేయాల్సిన పని కూడా పడలేదు. అంతా బాగానే ఉందనుకునేలోపు షుగర్ పడిపోయింది, మూలగడం మొదలుపెట్టింది. తర్వాత రెండు గంటలు ఆ పాపని వెచ్చబరచడంతోనే సరిపోయింది.

అక్కడ వార్మర్ (పైనుంచి వేడి ఇచ్చే బిడ్డ మంచం) ఉంది. టోపీలు, టవల్స్ ఉన్నాయి. అడిగితే "అన్నీ చేశాం సిస్టర్" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, చేస్తున్నది నేనూ చూశాను. మరి బిడ్డ ఎందుకు చల్లబడుతోంది? మీ దగ్గర ఏం చేస్తున్నారో చెప్పండి. పుస్తకంలో ఉన్నదానికంటే గదిలో నిజంగా ఏం జరుగుతుందో రాస్తే నాకు ఎక్కువ ఉపయోగం.

పసిగుడ్డు_డాక్టర్

సిస్టర్, మంచి ప్రశ్న వేశారు. చాలా యూనిట్లలో దీన్ని లెక్క రాసుకుని వదిలేస్తారు. అడ్మిషన్ షీట్‌లో 35.4 అని రాస్తారు, ఎందుకు అన్నది ఎవరూ అడగరు.

ముందు అంకెల సంగతి. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి. 36.0 నుంచి 36.4 వరకు ఉంటే చలి ఒత్తిడి మొదలైనట్టు. 32.0 నుంచి 35.9 వరకు మధ్యస్థం. 32 లోపు తీవ్రం. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ. అంటే మీరు చెప్పిన పాప "కాస్త చల్లగా" ఉన్న పాప కాదు, మధ్యస్థ హైపోథర్మియాలో, అంటే ఒంటి వేడి పడిపోయిన స్థితిలో, ఉన్న పాప.

కడుపులో ఉన్నంతసేపూ బిడ్డ తల్లి ఒంటి కంటే కొంచెం ఎక్కువ వేడిలోనే ఉంటుంది. బయటికి రాగానే ఒళ్ళంతా తడి, చుట్టూ తనకంటే పది పన్నెండు డిగ్రీలు చల్లటి గాలి. మనం ఏమీ చేయకపోతే చర్మం వేడి నిమిషానికి సుమారు 0.3 డిగ్రీలు, లోపలి వేడి నిమిషానికి సుమారు 0.1 డిగ్రీ పడిపోతుందని పాఠ్యపుస్తకాల లెక్క. పది నిమిషాల్లో ఎంత నష్టమో మీరే చూడండి. ఆ పది నిమిషాలూ మనం ఊపిరి, గుండె, ఆక్సిజన్ చూసుకుంటూ గడిపేస్తాం.

వేడి నాలుగు దారుల్లో పోతుంది. ఒంటి మీద తడి ఆవిరవుతూ తీసుకుపోయేది ఒకటి, పుట్టిన వెంటనే అన్నిటికంటే పెద్దది ఇదే. పక్కనుంచి వీచే గాలి తీసుకుపోయేది ఇంకొకటి. చల్లటి తూకం పళ్ళెం, చల్లటి పరుపు, చల్లటి చేతులు తాకి పోయేది మూడోది. నాలుగోది చాలామంది మరిచిపోతారు: చల్లటి గోడలు, కిటికీ అద్దాలు. గదిలో గాలి వెచ్చగానే ఉన్నా, బిడ్డ ఒంటి వేడి వాటి వైపు ప్రసరిస్తూ పోతూనే ఉంటుంది.

నెలలు తక్కువ బిడ్డకి ఈ నాలుగూ ఎక్కువే. బరువుతో పోలిస్తే ఒంటి ఉపరితలం పెద్దది. చర్మం పలచన, దాని పైపొర ఇంకా గట్టిపడలేదు కాబట్టి ఒంట్లోని నీరు చర్మం గుండా బయటికి వచ్చి ఆవిరవుతూనే ఉంటుంది. వణకడం రాదు. వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు చివరి మూడు నెలల్లో పేరుకోవాల్సింది, అది సరిగా చేరకముందే పుట్టేసింది. నెలలు నిండిన బిడ్డలా కాళ్ళూ చేతులూ ముడుచుకుని పడుకోలేదు, వాల్చేసి ఉంటుంది.

ఇక మీకు నా ప్రశ్నలు. బిడ్డ పుట్టినప్పుడు గదిలో ఎన్ని డిగ్రీలుంది? వార్మర్ ఎప్పుడు ఆన్ చేశారు? 32 వారాల లోపు బిడ్డకి ప్లాస్టిక్ బ్యాగ్ వాడుతున్నారా, టవల్‌తో తుడుస్తున్నారా?

లేబర్‌రూమ్_అక్క

డాక్టర్ గారూ, గది ఎన్ని డిగ్రీలుందో చెప్పాలంటే ముందు గోడకి థర్మామీటర్ ఉండాలి కదా. చాలా లేబర్ రూముల్లో ఉండదు. ఏసీ రిమోట్ మీద కనపడే అంకెనే గది ఉష్ణోగ్రత అనుకుంటారు. అది మనం అడిగిన అంకె, గదిలో ఉన్నది కాదు. వార్మర్ పెట్టిన మూలలో ఎంతుందో చూడాలి, బిడ్డ ఉండేది అక్కడ కాబట్టి.

ఇంకొక మాట. నెలలు తక్కువ కాన్పు చెప్పి రాదు. తల్లి నొప్పులతో వస్తుంది, చూసేసరికి గర్భసంచి ముఖం పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. అప్పుడు వార్మర్ ఆన్ చేస్తే పరుపు వేడెక్కేలోపు బిడ్డ వచ్చేస్తుంది. అందుకని మా దగ్గర నెలలు నిండని కేసు అడ్మిట్ అవగానే, కాన్పు ఇప్పుడే అవుతుందో లేదో అని చూడకుండా, వార్మర్ వెలిగించి పెడతాం. కరెంటు దండగ అని ఒకరిద్దరు గొణిగారు. గొణగనివ్వండి.

రాత్రి_డ్యూటీ

డాక్టర్ గారూ, గది సంగతి నాకు తెలియదు, కనుక్కుంటాను. వార్మర్ చాలాసార్లు బిడ్డ బయటికి వస్తున్నప్పుడే ఆన్ చేస్తున్నారు. బ్యాగ్ వాడటం లేదు. వెచ్చటి టవల్‌తో బాగా తుడిచి, ఆ తడి టవల్ తీసేసి, పొడి టవల్ చుట్టి వార్మర్ కింద పడుకోబెడతారు. నాకు అది తప్పుగా అనిపించలేదు.

వైర్లూ_సెన్సార్లూ

నేను డాక్టర్ని కాదు, ఆస్పత్రి పరికరాలు చూసే బయోమెడికల్ ఇంజనీర్ని. మీ చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది సిస్టర్.

పైనున్న వార్మర్ గాలిని వేడి చేయదు. నేరుగా చర్మం మీద పడే కిరణాలతో వేడి ఇస్తుంది. టవల్ చుట్టి దాని కింద పెడితే టవల్ వేడెక్కుతుంది, బిడ్డ కాదు. బట్ట ఎంత మందంగా ఉంటే అంత అడ్డం. వెండిరంగు రేకు దుప్పట్లయితే ఇంకా ఎక్కువ, వచ్చిన వేడిని తిప్పి పంపేస్తాయి. పలచటి పాలిథిన్ మాత్రం ఈ కిరణాలని చాలావరకు లోపలికి పోనిస్తుంది, తడి ఆవిరై పోకుండానూ ఆపుతుంది. వార్మర్‌కీ బ్యాగ్‌కీ జోడీ కుదిరింది అందుకే.

ఇక నేను రౌండ్స్‌లో చూసేవి. వార్మర్‌ని సరిగ్గా ఏసీ గాలి పడేచోట పెట్టడం. పక్క అద్దాలు కిందికి దించేసి ఉండటం. ముందు వేడెక్కించడానికి మాన్యువల్ మోడ్‌లో పూర్తి వేడి మీద పెట్టాలి, నిజమే, కానీ బిడ్డని పడుకోబెట్టాక కూడా అలాగే వదిలేస్తారు. మాన్యువల్‌లో యంత్రానికి బిడ్డ సంగతి తెలియదు. కొన్ని మోడళ్ళు కాసేపటికి తమంతట తామే వేడి తగ్గించేస్తాయి, కొన్ని అలారం కొడతాయి. ఆ అలారం నొక్కేసి మళ్ళీ పనిలో పడతారు. ఒకవైపు బిడ్డ చల్లబడిపోవచ్చు, ఇంకోవైపు కాలిపోయేంత వేడెక్కవచ్చు.

బిడ్డ రాగానే చర్మం ప్రోబ్ (చర్మం వేడి కొలిచే సెన్సార్) అంటించి సర్వో మోడ్‌కి మార్చండి, అంటే ప్రోబ్ అంకెని బట్టి యంత్రమే వేడిని పెంచి తగ్గించే మోడ్‌కి. ప్రోబ్ పొట్ట మీద కుడివైపు పైభాగంలో, ఎముక మీద కాకుండా అంటించాలి. దానిపైన మెరిసే రేకు స్టిక్కర్ ఉండాలి. అది లేకపోతే ప్రోబ్‌నే వార్మర్ వేడి చేసేస్తుంది. యంత్రం బిడ్డ వెచ్చగా ఉందనుకుని ఆగిపోతుంది. ప్రోబ్ వీపు కింద నలిగినా అదే తంతు. సగం ఊడి గాల్లో వేలాడితే మాత్రం అంకె తక్కువ చూపించి, యంత్రం పూర్తి వేడి మీద పోతూనే ఉంటుంది.

ఎనిమిదో_నెల_నాన్న

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా ఆవిడకి ఇప్పుడు ముప్పై ఒకటో వారం. ఉమ్మనీరు పోయిందని అడ్మిట్ చేశారు, ఎప్పుడైనా కాన్పు కావచ్చన్నారు. రాత్రి నిద్ర పట్టక చదువుతుంటే ఈ థ్రెడ్ కనిపించింది. బిడ్డని ప్లాస్టిక్ కవర్లో పెడతారా? ఊపిరి ఎలా ఆడుతుంది సార్? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

పసిగుడ్డు_డాక్టర్

టెన్షన్ పడకండి. బ్యాగ్ మెడ వరకే. ముఖం, ముక్కు, నోరు పూర్తిగా బయటే ఉంటాయి, తల మీద టోపీ పెడతారు. బిడ్డని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు. మీరు చూసేసరికి పాపో బాబో పారదర్శకమైన సంచిలో ఉంటే, లోపల ఆవిరి కమ్మి ఉంటే భయపడొద్దు. ఆవిరి లోపల నిలిచిందంటే బిడ్డ వేడి బయటికి పోలేదని అర్థం.

ఇప్పుడే మీ డాక్టర్ గారితో ఒక మాట మాట్లాడండి. పుట్టాక బిడ్డని ఎక్కడికి తీసుకెళ్తారు, ఎంతసేపట్లో తల్లి దగ్గరికి తెస్తారు అని అడగండి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం కాన్పుకి ముందే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి కూడా. అవి అడిగే హక్కు మీకుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

సిస్టర్, ఇక మీకు. 32 వారాల లోపు బిడ్డని తుడవకండి. మనందరికీ "తుడువు, తుడువు" అని నేర్పించారు కాబట్టి ఇది చేతికి ఎదురు తిరుగుతుంది. బిడ్డ తడిగా ఉండగానే మెడ వరకు పాలిథిన్ బ్యాగ్‌లోకి దించాలి. తల మాత్రం తుడిచి టోపీ పెట్టాలి. ఒంటి ఉపరితలంలో తల వాటా దాదాపు ఐదో వంతు. స్నానం చేసి తుడుచుకోకుండా ఫ్యాన్ కింద నిలబడితే ఎందుకు వణుకుతామో, తడి బిడ్డ గదిలో ఎందుకు చల్లబడుతుందో రెండిటికీ కారణం ఒకటే. బ్యాగ్ ఆ ఆవిరిని ఆపేస్తుంది. ఆవిరి ఆగాక లోపలి తడి బిడ్డకి చెడు చేయదు.

బ్యాగ్‌లో ఉండగానే ఊపిరి ఇవ్వొచ్చు, ట్యూబ్ వేయొచ్చు. గుండె చప్పుడు బ్యాగ్ మీద నుంచే వినొచ్చు. కుడి చేతికి పెట్టే ఆక్సిజన్ ప్రోబ్ వైరు మెడ దగ్గరనుంచి బయటికి తీసుకోండి. బొడ్డులో లైన్ వేయాలంటే బ్యాగ్ విప్పొద్దు, అక్కడ చిన్న కంత కత్తిరించండి. "ఒక్క నిమిషం చూసి మళ్ళీ మూసేద్దాం" అని తెరిచిన ప్రతిసారీ లోపలున్న వెచ్చటి తేమ పోతుంది.

ఇవన్నీ నోటిమాటలు కావు. 28 వారాల లోపు పిల్లల మీద జరిగిన హెల్ప్ అనే పెద్ద అధ్యయనంలో బ్యాగ్ వేసిన పిల్లల ఉష్ణోగ్రత ఎక్కువగా ఉంది. మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. అది కూడా చెప్పాలి, లేకపోతే బ్యాగ్ ఒక్కటి కొనేస్తే పని అయిపోయిందనుకుంటారు. 2007లో అమెరికా నియోనేటల్ రీసెర్చ్ నెట్‌వర్క్ ప్రచురించిన లెక్కల్లో, అడ్మిషన్ సమయంలో ప్రతి 1 డిగ్రీ తగ్గుదలకీ మరణించే అవకాశం 28 శాతం, తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్ అవకాశం 11 శాతం ఎక్కువగా కనిపించాయి. చలే చంపిందని ఆ లెక్క తేల్చలేదు, బాగా జబ్బుగా ఉన్న బిడ్డ చల్లబడటమూ సులువే. అయినా ఆ అంకె చూశాక ఒక డిగ్రీని తేలిగ్గా తీసుకోవడం నావల్ల కాదు.

మత్తుమందు_డాక్టర్

ఓటీ వైపు నుంచి ఒక మాట. సిజేరియన్ జరిగేటప్పుడు ఓటీని చల్లగా ఉంచమని సర్జన్ అడుగుతారు. గౌను, గ్లవ్స్, మాస్కు వేసుకుని లైట్ల కింద నిలబడతారు కాబట్టి వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి కూడా అదే గదిలో వణుకుతూ ఉంటుంది. మత్తు వల్ల కాళ్ళలోని రక్తనాళాలు వెడల్పై, ఆమె వేడీ పోతుంది. గది వెచ్చబడితే ఇద్దరికీ మేలు.

ఎన్ని డిగ్రీలు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు గదికి 25 నుంచి 28 చెబుతుంది. నవజాత శిశువుల రెససిటేషన్ (పుట్టగానే ఊపిరి, గుండె నిలబెట్టే) మార్గదర్శకాలు 32 వారాల లోపు పిల్లలకి 23 నుంచి 25 అంటాయి. యూరప్ వాళ్ళు 28 వారాలు, అంతకు తక్కువైతే 25 పైన ఉండాలంటారు. ఏది పట్టుకున్నా 20 దగ్గర నడిచే ఓటీ పనికిరాదు.

వాదించి లాభం లేదని నేను గ్రహించిన పద్ధతి ఇది: ఆపరేషన్ మొదలుపెట్టే ముందు అందరూ ఆగి వివరాలు సరిచూసుకునే టైమ్ ఔట్ చెప్పేటప్పుడే, తల్లి పేరు, కేసు చెప్పాక, "గది ఇప్పుడు ఇంత డిగ్రీలు" అని గట్టిగా చదువుతాను. అంకె అందరి చెవుల్లో పడ్డాక ఎవరో ఒకరు ఏసీ పెంచుతారు. బిడ్డ వార్మర్ మీంచి వెళ్ళిపోయాక మళ్ళీ తగ్గించుకోవచ్చు. మొత్తం ఆపరేషన్ అంతా ఉక్కపోయమని ఎవరూ అడగడం లేదు. సెంట్రల్ ఏసీ ఉన్నచోట గది వెచ్చబడటానికి టైం పడుతుంది, కాబట్టి తల్లిని టేబుల్ మీదికి తెచ్చాక కాదు, కేసు పోస్ట్ చేసినప్పుడే ఫోన్ చేయాలి.

చిన్న_ఆస్పత్రి

మీరందరూ సర్వో మోడ్, ప్రోబ్ అంటున్నారు. మా దగ్గర ఉన్న ఒక్క వార్మర్ సగం రోజులు రిపేరులో ఉంటుంది. ప్రత్యేకమైన బ్యాగులు లేవు. మా పాత సిస్టర్లు గ్లవ్స్‌లో వేడినీళ్ళు నింపి బిడ్డ పక్కన పెడతారు, దూది చుట్టలు చుడతారు. పెద్ద ఆస్పత్రికి పంపేలోపు బిడ్డని ఎలా కాపాడాలి?

లేబర్‌రూమ్_అక్క

గ్లవ్స్‌లో వేడినీళ్ళు మాత్రం దయచేసి వద్దు తల్లీ. ఆ పలచటి చర్మానికి కాలడానికి క్షణం చాలు. పైగా కాసేపటికి ఆ నీళ్ళు చల్లారిపోయి బిడ్డ వేడినే లాగేసుకుంటాయి. బల్బులు దగ్గరగా పెట్టడం కూడా అంతే ప్రమాదం. దూది తడిసిందంటే ఇంకా చలి.

మీ దగ్గర ఉన్నవాటితోనే చాలా చేయొచ్చు. తలుపులు, కిటికీలు మూసేయండి, ఫ్యాన్ ఆపేయండి. ఫ్యాన్ ఆపడం ఎవరికీ గుర్తుండదు, చెమట పట్టిన అటెండర్ మళ్ళీ వేసేస్తాడు. గదిలో హీటర్ ఉంటే ముందే వెలిగించండి. బట్టలు, టోపీ వెచ్చబెట్టి పెట్టుకోండి. బిడ్డ ఊపిరి బాగా తీసుకుంటుంటే తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పండి. తల్లి ఒళ్ళు మాత్రం ఎప్పుడూ రిపేరుకి పోదు.

పసిగుడ్డు_డాక్టర్

అక్క చెప్పినది అక్షరాలా నిజం. బ్యాగ్ విషయం కూడా చెబుతాను. జాంబియాలోని ఒక పెద్ద ఆస్పత్రిలో, వైద్యం కోసం ప్రత్యేకంగా తయారు చేయని మామూలు పాలిథిన్ సంచులు వాడి చూస్తే, సంచిలో పెట్టిన నెలలు తక్కువ పిల్లల్లో మామూలు ఉష్ణోగ్రతలో ఉన్నవాళ్ళు స్పష్టంగా ఎక్కువయ్యారు. ఆ అధ్యయనం 2013లో వచ్చింది. శుభ్రమైన, రంగు లేని, ఆహారం నిల్వకి పనికొచ్చే పాలిథిన్ సంచి చాలు. ముందే తీసి డెలివరీ ట్రేలో పెట్టుకోండి. మెడ వరకే అన్నది ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పండి, కొత్తగా వచ్చినవాళ్ళకి మరీ మరీ చెప్పండి.

34 వారాలు దాటిన బిడ్డకి బ్యాగ్ అక్కర్లేదు. వాళ్ళని తుడిచి, తడి బట్ట తీసేసి, తల్లి మీదికి. బరువు తూచడం ఆగొచ్చు. స్నానం కనీసం 24 గంటలు ఆగాలి.

పంపేటప్పుడు, వెచ్చటి ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్ లేకపోతే, ఊపిరి నిలకడగా ఉన్న బిడ్డని కంగారూ పద్ధతిలో, అంటే చర్మానికి చర్మం తగిలేలా, తల్లి మీదో, తల్లి రాలేకపోతే ఇంకో పెద్దమనిషి ఛాతీ మీదో కట్టి పంపండి. బయల్దేరే ముందు టెంపరేచర్ చూసి కాగితం మీద రాయండి. అవతలివాళ్ళకి అది చాలా అవసరం.

పాత_పుస్తకాలు

పీజీ చదువుతున్నాను. థీసిస్ కోసం పాత సంగతులు చదువుతుంటే ఈ విషయం మీదే ఎంత కాలంగా చెబుతూ వచ్చారో చూసి ఆశ్చర్యం వేసింది, రాయకుండా ఉండలేకపోతున్నాను.

స్టెఫాన్ టార్నియర్ అనే ప్రసూతి వైద్యుడు పారిస్‌లో జంతు ప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే యంత్రం చూసి, అలాంటిదే పసిపిల్లలకి చేయించి 1880లో మెటర్నిటే ఆస్పత్రిలో పెట్టించాడు. ఆయన శిష్యుడు పియేర్ బుడాన్ లెక్కలు ఇంకా కళ్ళు తెరిపిస్తాయి. ఒంటి వేడి 32.5 నుంచి 33.5 మధ్య ఉన్నప్పుడు వచ్చిన పిల్లల్లో పదిమందికి ఒక్కరే బతికారు. 36 నుంచి 37 మధ్య ఉన్నవాళ్ళలో 77 శాతం బతికారు. వెంటిలేటర్లు లేవు, ఊపిరితిత్తులు ముడుచుకోకుండా ఇచ్చే సర్ఫాక్టెంట్ మందు లేదు, యాంటీబయాటిక్స్ లేవు. 1958లో విలియం సిల్వర్‌మన్ బృందం ఇంక్యుబేటర్లని రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచి పోల్చి చూసింది. వెచ్చగా ఉన్నవాటిలోని పిల్లలే ఎక్కువగా బతికారు.

ఇన్నేళ్ళ తర్వాత మందులన్నీ మారాయి. మా వార్డులో ఇప్పటికీ అడ్మిషన్ షీట్‌లో 35 అని రాయాల్సి వస్తుంటే మనసు ఊరుకోవడం లేదు.

వైర్లూ_సెన్సార్లూ

ఒక హెచ్చరిక కూడా అవసరం. అందరూ చలి గురించే మాట్లాడుతున్నారు, రెండో వైపూ చూడాలి. బ్యాగ్, దాని కింద రసాయనంతో వేడెక్కే పరుపు, పైన వార్మర్ మాన్యువల్‌లో, ఇన్నీ కలిపేస్తే 38 దాటిన పిల్లలని చూశాం.

పసిగుడ్డు_డాక్టర్

అవును. ఐర్లండ్‌లో 31 వారాల లోపు పిల్లల మీద సరిగ్గా ఇదే పరీక్షించారు. బ్యాగ్ ఒక్కటే ఒక గుంపుకి, బ్యాగుతో పాటు వేడి పరుపు ఇంకో గుంపుకి. రెండూ వాడినవాళ్ళలో సరైన ఉష్ణోగ్రతలో ఉన్నవాళ్ళు తగ్గారు, ఎక్కువ వేడెక్కినవాళ్ళు పెరిగారు. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. బిడ్డ వేడెక్కితే ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది, ఊపిరి ఆగే అవకాశం పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ జ్వరమా వార్మర్ వేడా అన్నది తేల్చుకోలేం.

అందుకని రూములో ఒక మనిషికి ఒకే పని అప్పజెప్పండి: టెంపరేచర్. అతనో ఆమో మాస్కు పట్టుకోరు, మందు తీయరు. గది అంకె, వార్మర్ మోడ్, ప్రోబ్, బ్యాగ్, టోపీ చూస్తారు, మధ్యమధ్య చంకలో థర్మామీటర్ పెట్టి గట్టిగా చెబుతారు. ఎన్‌ఐసీయూలో తెలిసేదాకా ఆగడం దేనికి? ముగ్గురే ఉన్న రాత్రి డ్యూటీలో ఇది కష్టమని నాకు తెలుసు. అప్పుడు రాసుకునే మనిషికే ఈ పని కూడా ఇవ్వండి.

బొడ్డుతాడు ఆలస్యంగా కత్తిరించడం గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. కనీసం 30 నుంచి 60 సెకన్లు ఆగడం మంచిదే, కానీ ఆ సెకన్లలో బిడ్డ తడిగా చల్లటి గాలిలో ఉంటుంది. స్టెరైల్ బ్యాగ్ సర్జన్ టేబుల్ మీదే ఉంటే తాడు కత్తిరించకముందే బిడ్డని అందులోకి దించొచ్చు. ఇంకొకటి, సిలిండర్ నుంచో గోడ నుంచో వచ్చే ఆక్సిజన్ చల్లగా, పొడిగా ఉంటుంది. ఎక్కువసేపు ఊపిరి ఇవ్వాల్సి వస్తే దాన్ని వెచ్చబరిచి, తేమ కలిపి ఇచ్చే ఏర్పాటు ఉంటే వాడండి.

చిన్నారి_అమ్మ

నేను నర్సుని కాదు, డాక్టర్ని కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి తల్లిని. కాన్పు గదిలో పాపని నాకు చూపించి తీసుకెళ్ళిపోయారు. పట్టుకోనివ్వలేదు. "మీ చేతులు చల్లగా ఉంటాయి, ఇన్‌ఫెక్షన్ వస్తుంది" అన్నారు. ఇప్పుడు పాప బాగుంది. అయినా ఇక్కడ "తల్లి ఒళ్ళు రిపేరుకి పోదు" అని చదివితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుట్టిన వెంటనే తల్లి దగ్గర ఉంచడం నిజంగా కుదురుతుందా, లేక బరువైన పిల్లలకేనా?

పసిగుడ్డు_డాక్టర్

అమ్మా, కుదురుతుంది. కంగారూ పద్ధతి మొదలైందే ఇంక్యుబేటర్లు సరిపోక. 1978లో బొగొటాలో ఎడ్గర్ రే అనే డాక్టర్ మొదలుపెట్టారు. చాలాకాలం పాటు "బిడ్డ నిలకడ పడ్డాక" చేయాలనేవారు. 2021లో వచ్చిన పెద్ద అధ్యయనం ఆ మాటని మార్చేసింది. ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియాలలోని ఐదు ఆస్పత్రుల్లో 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలని, నిలకడ పడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద పెట్టి అక్కడే వైద్యం చేశారు. 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. చల్లబడిన పిల్లలూ తగ్గారు. ఆ తర్వాత 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పుట్టిన వెంటనే మొదలుపెట్టమనే చెప్పింది. సొంతంగా ఊపిరి తీసుకోలేని బిడ్డ, షాక్‌లో ఉన్న బిడ్డ అయితే ముందు వాళ్ళని దారిలో పెట్టాలి, అది మినహాయింపు.

మీ పాపని తీసుకెళ్ళినవాళ్ళు అప్పటికి తమకు తెలిసినదే చేసుంటారు. మీకు కలిగిన బాధ మాత్రం అక్కర్లేని బాధే.

రాత్రి_డ్యూటీ

అందరికీ ధన్యవాదాలు. మా సార్ అనుమతి తీసుకుని కొన్ని కాన్పులకి నేను లేబర్ రూమ్‌లో, ఓటీలో నిలబడి చూశాను. మీరు అడిగినవే వెతికాను.

ఓటీ 20 దగ్గర ఉంటోంది. వార్మర్ తలుపుకి ఎదురుగా ఉంది, తలుపు తెరిచినప్పుడల్లా గాలి బిడ్డ మీదికే. పొడి టవల్ వార్మర్ కింద అలాగే ఉంటోంది, సర్వో ఎవరూ పెట్టడం లేదు. అన్నిటికంటే నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది తూకం. వార్మర్ మీద కాస్త వెచ్చబడిన బిడ్డని విప్పి చల్లటి స్టీలు పళ్ళెంలో పెడుతున్నారు, అంకె నిలబడేదాకా ఆగుతున్నారు, తర్వాత లిఫ్ట్ కోసం కారిడార్‌లో ఆగుతున్నారు. ఇంక్యుబేటర్ మా దగ్గర వేడెక్కి రెడీగా ఉంటుంది, బిడ్డ మాత్రం సిస్టర్ చేతుల్లో టవల్‌లో వస్తోంది.

వార్మర్ జరిపించాం. గోడకి థర్మామీటర్ పెట్టించాం. 32 వారాల లోపు పిల్లలకి తూకం ఎన్‌ఐసీయూలోనే, బ్యాగుతో పాటే వెచ్చబెట్టిన తూకం మీద అని ఒప్పించాను. బ్యాగ్ బరువు తర్వాత తీసేస్తే సరిపోతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్‌ని ప్లగ్‌లోనే ఉంచమని రాసి అంటించాం. బ్యాగ్‌ని మా దగ్గర టెంపరేచర్ చూసి, తేమ ఉన్న ఇంక్యుబేటర్‌లో పెట్టాకే తీస్తున్నాం. బ్యాగ్ వేసి తెచ్చిన మొదటి బిడ్డ 36.7తో వచ్చాడు. ఓటీ ఏసీ గొడవ ఇంకా తేలలేదు. మత్తు డాక్టర్ గారు చెప్పినట్టు అంకె గట్టిగా చదవమని మా మేడమ్‌ని అడిగాను, నవ్వి సరే అన్నారు.

ఇంకో సందేహం. 30 వారాల కవలలు, సిజేరియన్‌కి పోస్ట్ చేశారు. ఓటీలో వార్మర్ ఒక్కటే ఉంది.

పసిగుడ్డు_డాక్టర్

ఒకే వార్మర్ మీద ఇద్దరినీ పెట్టకండి. ప్రోబ్ ఒకరిదే చదువుతుంది, రెండోవాళ్ళు చల్లబడవచ్చు, వేడెక్కనూ వచ్చు. లేబర్ రూమ్ వార్మర్ ఇప్పుడే ఓటీలోకి తెప్పించి రెండూ వెలిగించండి. అన్నీ రెండేసి: బ్యాగులు, టోపీలు, ప్రోబ్‌లు, థర్మామీటర్లు, మనుషుల గుంపులు. బ్యాగుల మీద ముందే ఒకటి, రెండు అని పెద్దగా రాయండి. కాలికి కట్టే గుర్తింపు పట్టీ బ్యాగ్‌లోకి దించేముందే కట్టేయండి, పారదర్శకం కాబట్టి పైనుంచి కనిపిస్తుంది. అప్పుడు పట్టీ కోసం విప్పాల్సిన పని ఉండదు. మొదటి బిడ్డ వెళ్ళిపోయిందని ఏసీ తగ్గించనివ్వకండి, రెండో బిడ్డ ఇంకా రావాలి.

లేబర్‌రూమ్_అక్క

సిస్టర్, తెచ్చిన వార్మర్‌కి ప్లగ్ పాయింట్ ఓటీలో ఎక్కడుందో, వైరు అందుతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

రాత్రి_డ్యూటీ

చూశాను అక్కా, అందడం లేదు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తున్నాను.